హైదరాబాద్ నుంచి డాలస్: అసలు దూరమెంత, గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని గంటలు?

కొండాపూర్_కిరణం:
అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు (68, 72 ఏళ్లు) జూన్ రెండో వారంలో హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్లి నవంబర్ చివర్లో తిరిగి రావాలి. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. దూరం వెతికితే ఒకచోట 14,420, ఇంకోచోట 14,436, మరోచోట 7,786 అని వస్తోంది. టికెట్ సైట్లలో ప్రయాణ సమయం 22 గంటల నుంచి 31 గంటల దాకా ఉంది. ఒక టికెట్‌లో తెల్లవారుజామున 3:30కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 4కి చేరినట్టుంది, అంటే పన్నెండున్నర గంటలేనా? మధ్యలో ఆగకుండా వెళ్లే విమానం లేదా? ఈ లెక్కలు తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

అక్షాంశరేఖ:
ముందు దూరం సంగతి తేల్చేద్దాం. మీరు చూసిన మూడు అంకెలూ నిజమే.

శంషాబాద్ విమానాశ్రయం ఉన్నది 17.23 ఉత్తర అక్షాంశం, 78.43 తూర్పు రేఖాంశం దగ్గర. డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.90 ఉత్తరం, 97.04 పశ్చిమం. రెండు రేఖాంశాల మధ్య తేడా 78.43 + 97.04 = 175.47 డిగ్రీలు. అంటే భూగోళం మీద ఈ రెండు ఊళ్లూ దాదాపు ఎదురెదురు రేఖల మీదున్నాయి.

లెక్క ఇలా చేయాలి. రెండు అక్షాంశాల సైన్ విలువలను గుణిస్తే 0.1609 వస్తుంది. వాటి కొసైన్ విలువలను, రేఖాంశ తేడా కొసైన్‌ను కలిపి గుణిస్తే −0.7994. రెండూ కూడితే −0.6385. ఈ కొసైన్ ఉన్న కోణం 129.68 డిగ్రీలు. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కి.మీ. అనుకుంటే ఒక్కో డిగ్రీ 111.195 కి.మీ. గుణిస్తే 14,420.

భూమి అచ్చమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుని ఉంటుంది. ఆ ఆకారాన్ని కూడా లెక్కలోకి తీసుకునే సైట్లు 14,436 చూపిస్తాయి. పదిహేను కిలోమీటర్ల పైచిలుకు తేడా అక్కడి నుంచి వచ్చింది. 7,786 మాత్రం నాటికల్ మైళ్లు (ఒకటి 1.852 కి.మీ.). మామూలు మైళ్లలో అయితే 8,960. ‘మైళ్లు’ అని మాత్రమే రాసిన చోట ఏ మైళ్లో చూసుకోకపోతే లెక్క తప్పుతుంది.

ఇంకో చిన్న తిరకాసు. డాలస్‌లో లవ్ ఫీల్డ్ అనే విమానాశ్రయం ఒకటుంది, అది దేశీయ ప్రయాణాలకు. కొన్ని సైట్లు దాన్ని పట్టుకుని లెక్కిస్తాయి. హైదరాబాద్‌కు కూడా 2008 మార్చి ముందు బేగంపేట ఉండేది కాబట్టి, పాత పట్టికల్లో పాతిక కిలోమీటర్ల తేడా కనిపించవచ్చు. వీటివల్ల మీ ప్రయాణ సమయం ఒక నిమిషం కూడా మారదు.

గన్నవరం_గేటు:
అక్షాంశరేఖ గారూ, ఒక సందేహం. గోడ మీది పటంలో చూస్తే హైదరాబాద్ నుంచి నేరుగా పడమరకు గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి టెక్సాస్ వస్తుంది. మరి విమానాలన్నీ కెనడా మీదుగా ఎందుకు దిగుతాయి?

అక్షాంశరేఖ:
గోడ పటం గుండ్రటి భూమిని సాగదీసి పరిచింది కాబట్టి. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం తనంతట తానే ఉత్తర ధ్రువం వైపు జారుతుంది. ఆ దారం పడిన గీతే రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి, మహావృత్త మార్గం.

ఈ జంట ఊళ్లకైతే అది మరీ స్పష్టంగా తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి ఉత్తర దిక్కుకు కేవలం 5 డిగ్రీలు పడమరగా బయలుదేరాలి. మధ్య ఆసియా, రష్యా మీదుగా పోయి 85 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని తాకి (ధ్రువానికి సుమారు 525 కి.మీ. దూరం), కెనడా మీదుగా నిలువుగా టెక్సాస్‌కు దిగాలి. నడినెత్తి మీదుగా భూమిని దాటినట్టన్న మాట.

ఎదురుగాలి:
అది కాగితం మీది దారి. మీ అమ్మానాన్నలు అలా వెళ్లరు, ఎక్కడో ఒకచోట ఆగి వెళతారు. ఆగే ఊరిని బట్టి దూరం ఎంత పెరుగుతుందో చూడండి:

దోహా మీదుగా 2,913 + 12,745 = 15,658 కి.మీ.
దుబాయ్ మీదుగా 2,546 + 12,919 = 15,465
లండన్ మీదుగా 7,754 + 7,628 = 15,382
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,117 + 8,258 = 15,375

నాలుగింటి మధ్య గరిష్ఠ తేడా 300 కి.మీ. లోపే. విమానానికి అది ఇరవై నిమిషాల పని. అందుకే ‘ఏ దారి దగ్గర’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోవద్దు. 22 గంటల టికెట్‌కూ 31 గంటల టికెట్‌కూ తేడా ఆకాశంలో లేదు, మధ్య ఊళ్లో కూర్చోవడంలో ఉంది.

పెద్దవాళ్ల విషయంలో చూడాల్సింది ప్రయాణాన్ని ఎలా ముక్కలు చేశారన్నది. గల్ఫ్ దారిలో ఒక చిన్న ముక్క (నాలుగు గంటలు), ఒక చాలా పొడుగు ముక్క (పదహారు గంటలు). లండన్ దారిలో రెండూ పదీ పదకొండు గంటల ముక్కలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పదహారు గంటలు ఒకే సీట్లో కష్టం. అలాంటివాళ్లకు మధ్యలో సగానికి సగం విరిగే దారే మేలు అని నా అభిప్రాయం. లండన్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా నిబంధన టికెట్ కొనేముందే సరిచూసుకోండి, అవి మారుతుంటాయి.

కొండాపూర్_కిరణం:
ధన్యవాదాలండి. దూరం అర్థమైంది. 12,745 కి.మీ.కి పదహారు గంటలంటే గంటకు 800 కూడా పడటం లేదు. విమానం 900లో పోతుందంటారు కదా?

ఎదురుగాలి:
మంచి ప్రశ్న. మూడు కారణాలు.

ఒకటి, టికెట్ మీది సమయం గాల్లో ఉన్న సమయం కాదు. గేటు దగ్గర విమానం వెనక్కి కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, వరుసలో నిలబడటం, దిగాక మళ్లీ పాకడం కలిపి అరగంట, నలభై నిమిషాలు అందులోనే పోతాయి. డాలస్‌లో ఏడు రన్‌వేలున్నాయి, దూరంగా ఉన్నదాంట్లో దిగితే గేటుకు చేరడానికే పావుగంట పడుతుంది.

రెండు, 12,745 అనేది గ్లోబు మీది దారం కొలత. నిజం దారి దానికంటే పొడుగు. యుద్ధ ప్రాంతాలు, మూసిన గగనతలాలు, నిర్ణీత మార్గాలు, వాతావరణం, వీటిని తప్పించుకుంటూ పోయేసరికి నాలుగైదు వందల కిలోమీటర్లు తేలిగ్గా కలుస్తాయి.

మూడు, గాలి. 36,000 అడుగుల ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 56 డిగ్రీలు, అక్కడ ధ్వని వేగం గంటకు 1,063 కి.మీ. పెద్ద విమానాలు అందులో 84, 85 శాతం వేగంతో పోతాయి, అంటే గాలి లేకపోతే గంటకు 893 కి.మీ. పైచిలుకు. కానీ ఆ ఎత్తులో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. అందుకే దోహా నుంచి డాలస్‌కు సుమారు 16 గంటలైతే, డాలస్ నుంచి దోహాకు పద్నాలుగున్నర.

ప్లానో_పటం:
జెట్ స్ట్రీమ్ (ఆ ఎత్తులో పడమర నుంచి వీచే బలమైన గాలి ప్రవాహం) గంటకు 250, 300 కి.మీ. వేగంతో వీస్తుందని చదివాను. అలాగైతే రాకపోకల మధ్య తేడా ఐదారు గంటలుండాలి కదా, ఒకటిన్నరే ఎందుకు?

ఎదురుగాలి:
ఆ వేగం చలికాలంలో జెట్ నడి భాగంలో మాత్రమే. అది వెడల్పు తక్కువ ఉన్న నదిలాంటిది. దోహా–డాలస్ దారి 64 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది కాబట్టి చాలా దూరం ఆ నదికి అవతల, ఉత్తరాన నడుస్తుంది, మిగతా చోట అడ్డంగా దాటుతుంది. మొత్తం దారి మీద సగటు తీస్తే గంటకు యాభై, అరవై కిలోమీటర్ల ఎదురుగాలి తేలుతుంది. చుట్టుదారి కలిపి 13,200 కి.మీ. అనుకుని 893తో భాగిస్తే 14 గంటల 47 నిమిషాలు, అరవై తీసేసి 833తో భాగిస్తే 15 గంటల 51 నిమిషాలు. తేడా గంట పైన వచ్చేసింది.

పైగా విమానం ఎప్పుడూ ఒకే గీత మీద పోదు. ప్రతిరోజూ బయలుదేరే ముందు ఆ రోజు గాలుల పటం చూసి దారి గీస్తారు. పడమరకు పోయేటప్పుడు గాలిని తప్పించుకుని ఇంకా ఉత్తరానికి, తూర్పుకు వచ్చేటప్పుడు గాలి ఉన్నచోటే వెతుక్కుని దక్షిణానికి. 300 కి.మీ. చుట్టు తిరిగినా ఇంధనం మిగిలే రోజులుంటాయి.

గాలి బలం ఎంతో తెలియాలంటే ఇదే డాలస్ నుంచి ఒక ఉదాహరణ. క్వాంటాస్ 2011లో సిడ్నీ–డాలస్ సర్వీసు బోయింగ్ 747తో మొదలుపెట్టినప్పుడు వచ్చేటప్పుడు ఆగకుండా వచ్చేది, తిరుగు ప్రయాణంలో మాత్రం ఎదురుగాలి వల్ల బ్రిస్బేన్‌లో ఆగి వెళ్లేది. దూరం రెండు వైపులా ఒకటే.

గడియారం_లెక్క:
ఇక ‘పన్నెండున్నర గంటలేనా’ అన్నదానికి. టికెట్ మీద ప్రతి సమయం ఆ ఊరి గడియారం ప్రకారం రాస్తారు. వాటిని నేరుగా తీసివేయకూడదు. అన్నింటినీ గ్రీనిచ్ సమయంలోకి మార్చుకుని తీసివేస్తే ఎప్పుడూ తప్పు రాదు.

మన సమయం గ్రీనిచ్ కంటే 5:30 ముందు. దోహా 3:00 ముందు, దుబాయ్ 4:00 ముందు. డాలస్ వేసవిలో 5:00 వెనక, చలికాలంలో 6:00 వెనక. అందుకే మనకూ డాలస్‌కూ తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి.

దోహా దారిలో మీ జూన్ టికెట్ లాంటిది ఒకటి వేసి చూద్దాం:

హైదరాబాద్‌లో 03:30 అంటే గ్రీనిచ్‌లో ముందురోజు 22:00.
4 గంటల 20 నిమిషాలకు దోహా. అక్కడి గడియారంలో 05:20.
దోహాలో 08:00కి రెండో విమానం. మధ్యలో 2 గంటల 40 నిమిషాలు.
16 గంటలకు డాలస్. గ్రీనిచ్‌లో 21:00, డాలస్ గడియారంలో 16:00.

22:00 నుంచి మర్నాడు 21:00 దాకా, 23 గంటలు. గడియారం చూపించే పన్నెండున్నరకు తేడా పదిన్నర కలిపినా అదే 23. ఈ రెండు దారుల్లోనూ ఒకే జవాబు రాకపోతే ఎక్కడో పొరపాటు చేసినట్టే.

నవంబర్ చివరి తిరుగు ప్రయాణం: డాలస్‌లో సోమవారం 18:00 అంటే గ్రీనిచ్ అర్ధరాత్రి 00:00. 14:30 గంటలకు దోహా, అక్కడ మంగళవారం 17:30. మూడున్నర గంటలు ఆగి 21:00కి కదిలితే, నాలుగు గంటల్లో హైదరాబాద్, మన గడియారంలో బుధవారం 03:30. మొత్తం 22 గంటలే, కానీ సోమవారం ఎక్కినవాళ్లు బుధవారం దిగుతారు. క్యాబ్ చెప్పేవాళ్లు మంగళవారానికి చెప్పేసి ఇబ్బంది పడేది ఇక్కడే.

అక్షాంశరేఖ:
గడియారం_లెక్క గారి మాటకు ఒక చేర్పు. విమాన సంస్థల పట్టికలు మారేది మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. అమెరికా గడియారం మారే రోజులు వేరు. మధ్యలో ఉన్న వారాల్లో (మార్చిలో రెండు మూడు, అక్టోబర్ చివర ఒకటి) ప్రయాణం ఉంటే టికెట్ కొన్న తర్వాత ఒకసారి, వారం ముందు ఒకసారి సమయాలు మళ్లీ చూసుకోవాలి. గంట అటూ ఇటూ జరిపినట్టు మెయిల్ వచ్చి ఉంటుంది, చాలామంది తెరవరు.

ప్లానో_పటం:
నేరు విమానం సంగతి ఎవరూ చెప్పలేదు. 14,420 ఎగరగల విమానాలు ఉన్నాయి కదా?

రన్‌వే_09:
ఉన్నాయి. ఎగరగలగడం వేరు, నిండుగా జనంతో ఎగిరి గిట్టుబాటు కావడం వేరు.

తయారీదారులు చెప్పే పరిధి చూస్తే బోయింగ్ 777-300ఈఆర్ సుమారు 13,650 కి.మీ., 787-9 సుమారు 14,000. ఈ రెండూ ఇక్కడే ఆగిపోయాయి. 777-200ఎల్ఆర్ సుమారు 15,800, ఎయిర్‌బస్ ఏ350లో ప్రత్యేక రకం 18,000. ఇవి దాటగలవు. కానీ పట్టికలోని పరిధిలో ఎదురుగాలి, చుట్టుదారి, ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి పట్టే ఇంధనం కలపాలి. 14,420కి చేతిలో కనీసం వెయ్యి కిలోమీటర్లు మిగలాలి.

అసలు ఇబ్బంది ఇంధనం బరువు. 777-200ఎల్ఆర్ లాంటిది గంటకు సుమారు 7 టన్నులు తాగుతుంది. పదహారు, పదిహేడు గంటల ప్రయాణంలో చివరి గంటకు కావలసిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోయాలి. అదనంగా ఒక టన్ను ఎక్కిస్తే అందులో మూడో వంతుకు పైగా దాన్ని మోయడానికే మండిపోతుంది. దాంతో సీట్లు తగ్గించాలి, కార్గో మానుకోవాలి. ప్రపంచంలో అతి పొడుగు సర్వీసు అయిన సింగపూర్–న్యూయార్క్ (15,300 కి.మీ. పైన) విమానంలో 161 సీట్లే, అందులో ఎకానమీ అసలు లేదు.

శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు, దానికి లోటు లేదు. కానీ సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తు, మే నెల ఎండ. వేడి గాలి పలచన, రెక్కకు ఆసరా తక్కువ, ఇంజన్ తోపు తక్కువ. నిండు ఇంధనంతో లేవాలంటే బరువు దించాలి. దూరపు విమానాలు అర్ధరాత్రి దాటాక కదలడానికి అవతలి ఊళ్లో కనెక్షన్లు కలవడం ఒక కారణమైతే, చల్లటి గాలి ఇంకో సౌలభ్యం.

హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరు విమానం ఒకసారి నడిచింది. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో చికాగోకు 777-200ఎల్ఆర్‌తో వారానికొకటి మొదలుపెట్టింది, తర్వాత ఆపేసింది. ఆ దూరం 13,283 కి.మీ. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు తొలి సర్వీసు మహిళా పైలట్లతోనే ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది.

ధ్రువం మీద పోవాలన్నా వేరే జాగ్రత్తలున్నాయి. అమెరికాలో నింపే జెట్-ఏ ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, మన దగ్గరి జెట్-ఏ1కి అది మైనస్ 47. బయట మైనస్ 65 ఉన్నప్పుడు గంటల తరబడి ఎగిరితే రెక్కల్లోని ఇంధనం చల్లబడిపోతుంది. పైలట్లు ట్యాంకు ఉష్ణోగ్రత చూస్తూ ఉంటారు, హద్దు దగ్గరపడితే కిందికి దిగుతారు లేదా వేగం పెంచుతారు. రెండింట్లో దేనివల్లనైనా ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. ఇక 2022 నుంచి రష్యా గగనతలం అమెరికా, ఐరోపా సంస్థలకు మూతపడటంతో అక్కడి కంపెనీలకు ఈ దారే లేదు.

కొండాపూర్_కిరణం:
ఇప్పుడు టికెట్ల దగ్గరికి వస్తాను. ఒకే గల్ఫ్ ఊరి మీదుగా మూడు రకాలున్నాయి: మధ్యలో 1 గంట 25 నిమిషాలు, 3 గంటల 10, 9 గంటలు. మొదటిదే తక్కువ ధర. తీసుకోవచ్చా?

శంషాబాద్_సంగతులు:
అన్నా, మొదటిది అస్సలు తీసుకోవద్దు. పెద్దమనుషులు, మొదటి ప్రయాణం. హైదరాబాద్‌ల విమానం నలభై నిమిషాలు లేటైతే ఏం మిగులుతది? అమెరికా పోయే విమానానికి గేటు దగ్గర మళ్లీ సంచులు తెరిచి చూస్తరు, అందుకే బోర్డింగ్ గంట ముందే షురూ అయితది. వీల్‌చైర్ అడిగితే ఒక్కో దగ్గర కూర్చోబెట్టి ఇంకొకరిని పిలిపిస్తరు, ఇరవై నిమిషాలు ఊకెనే పోతయి. మూడు గంటల 10 నిమిషాలదే మంచిది. వీల్‌చైర్ కనీసం 48 గంటల ముందు టికెట్‌ల రాయించుండ్రి, కౌంటర్ దగ్గర అడిగితే ఆలస్యమైతది.

ఎదురుగాలి:
పూర్తిగా ఏకీభవిస్తాను. లెక్క కూడా అదే చెబుతుంది. 1:25 టికెట్‌లో ఆదా అయ్యేది గంటా నలభై ఐదు నిమిషాలు. తప్పిపోతే తర్వాతి డాలస్ విమానం మర్నాడే కావచ్చు, పోయేది 24 గంటలు. తొమ్మిది గంటలది ధర తక్కువైనా వద్దు. కుర్చీలో తొమ్మిది గంటలు కూర్చుని ఆపైన పదహారు గంటలంటే కాళ్లు వాచిపోతాయి.

ఇంకో ముఖ్యమైన మాట: రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్ కింద ఉండాలి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా వాళ్లే ఇంకోదాంట్లో ఎక్కించాలి. చవకని విడివిడిగా రెండు టికెట్లు కొంటే రెండో సంస్థకు మీరు రాని ప్రయాణికులు, అంతే. పెట్టెలు కూడా మధ్యలో తీసుకోవాలి, దానికి ఆ దేశం వీసా కావాల్సి రావచ్చు.

చలికాలంలో దుబాయ్, అబుదాబీల్లో తెల్లవారుజామున మంచు కమ్ముతుంది. డిసెంబర్, జనవరిలో ఢిల్లీ మీదుగా వచ్చేవాళ్లకూ అదే బాధ. ఆ నెలల్లో మధ్య విరామం ఇంకో గంట పెంచుకోవాలి. 2025 జూన్ 23న ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసినప్పుడు ఎన్నో విమానాలు దారి మళ్లాయి. అలాంటి రోజున ఒకే టికెట్ ఉన్నవాళ్లకే గదీ, భోజనం, తర్వాతి సీటూ అడిగే హక్కు ఉంటుంది.

గన్నవరం_గేటు:
సంచుల తనిఖీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, గేటు దగ్గర సమయం తినేది మన పొడులే. అమెరికా వెళ్లే విమానంలో చేతిసంచీలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి ఉంటే విడిగా పరీక్షిస్తారు, తేల్చుకోలేకపోతే అక్కడే వదిలేయమంటారు. కందిపొడి, కారప్పొడి, పసుపు, సున్నిపిండి అన్నీ పెద్ద పెట్టెలోకి. ఆవకాయ ద్రవపదార్థాల కిందికే వస్తుంది, అదీ పెట్టెలోకే, రెండు కవర్లలో బిగించి. పవర్ బ్యాంకు మాత్రం పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచీలోనే. మాంసం పచ్చళ్లు అసలు వద్దు, అమెరికా కస్టమ్స్ ఒప్పుకోదు. తినే వస్తువులున్నాయా అని అడిగితే ‘ఉన్నాయి’ అని చెప్పడమే మంచిది. చెప్పినవాళ్లను చూసి పంపేస్తారు. చెప్పకుండా దొరికితే జరిమానా, ఆలస్యం రెండూ.

ప్లానో_పటం:
డాలస్ చివరి గమ్యం అయితే నేరుగా డాలస్‌లో దిగే అంతర్జాతీయ విమానమే తీసుకోండి. న్యూయార్కో చికాగోనో మొదట దిగితే ఇమిగ్రేషన్ అక్కడే, పెట్టెలు అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, టెర్మినల్ మారి, మళ్లీ సెక్యూరిటీ. ఇంగ్లిష్ అంతగా రాని పెద్దవాళ్లకు దానికి మూడు గంటలైనా చాలవు.

దీనికి ఒక మినహాయింపు అబుదాబీ. అక్కడ అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ అబుదాబీలోనే పూర్తిచేస్తారు. అమెరికాలో దిగేసరికి దేశీయ ప్రయాణికుల్లా నడిచి బయటికి రావచ్చు. అయితే ఆ పనికి అబుదాబీలో సమయం కావాలి కాబట్టి విరామం మూడు గంటలకు తక్కువ ఉండకూడదు.

డాలస్‌లో అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ డీకి వస్తాయి. గేటు నుంచి ఇమిగ్రేషన్, పెట్టెలు, బయటి తలుపు, అన్నీ కలిపి గంట నుంచి రెండు గంటలు వేసుకోండి. మధ్యాహ్నం గల్ఫ్, ఐరోపా విమానాలు ఒకేసారి దిగితే రెండుకు దగ్గరవుతుంది. వేసవిలో ఉరుముల వానలు వస్తే దిగనివ్వక ఆస్టిన్‌కో హ్యూస్టన్‌కో మళ్లించే రోజులుంటాయి. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు ఇంట్లో బయలుదేరే ముందు విమానం ఎక్కడుందో ఫోన్లో చూసుకోవాలి.

గన్నవరం_గేటు:
కిరణం గారికి హైదరాబాదే కాబట్టి సులువు. విజయవాడ, గుంటూరు నుంచి వచ్చేవాళ్లు మాత్రం రోడ్డు లెక్క కలుపుకోవాలి. విజయవాడ నుంచి శంషాబాద్‌కు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఐదారు గంటలు. సంక్రాంతి రద్దీలో టోల్ గేట్ల దగ్గరే రెండు గంటలు పోవచ్చు. తెల్లవారుజామున 3:30 విమానానికి మధ్యాహ్నమే బయలుదేరి, సాయంత్రానికి హైదరాబాద్ చేరి, ఎవరింట్లోనైనా నాలుగు గంటలు నడుం వాల్చి పోవడం మేలు. మోకాళ్లకూ మంచిది, గుండెకూ మంచిది.

గడియారం_లెక్క:
మందుల గురించి కూడా ఒక మాట. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు దారిలో గడియారాలు మార్చుకుంటూ పోతే ఒక పూట ఎగరగొడతారు లేదా రెండుసార్లు వేసేసుకుంటారు. చేతి గడియారం మన సమయంలోనే ఉంచేయండి, డాలస్ ఇంటికి చేరేదాకా దాని ప్రకారమే మందులు. అక్కడి సమయానికి ఎలా మార్చాలో, ముఖ్యంగా ఇన్సులిన్ అయితే, ప్రయాణానికి ముందే డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోవాలి. మందులన్నీ చేతిసంచీలో, చీటీతో సహా, రెండు రోజులకు అదనంగా. పదహారు గంటల ముక్కలో రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, అందుకని నడవా పక్క సీటు ముందే ఎంచుకోండి.

చేరాక పగలూ రాత్రీ తారుమారు అవుతాయి. శరీరం రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. పదిన్నర గంటల తేడాకు వారం, పది రోజులు మామూలే. మొదటి వారం ఊళ్లు తిప్పే కార్యక్రమాలు పెట్టకండి.

కొండాపూర్_కిరణం:
అందరికీ ఎంతో కృతజ్ఞతలు. 3 గంటల 10 నిమిషాల విరామం ఉన్నదే, ఒకే పీఎన్ఆర్ మీద తీసుకుంటున్నాం. వీల్‌చైర్ కూడా రాయించాం. విమానం జూన్ 12 తెల్లవారుజామున 3:30. దిగాక డాలస్ పక్కనున్న ఫ్రిస్కో వెళ్లాలి. మొత్తం ఇంటి నుంచి ఇంటికి ఎంత అనుకోవాలి?

ఎదురుగాలి:
కొండాపూర్ నుంచి ఔటర్ మీదుగా శంషాబాద్‌కు గంట. విమానానికి మూడున్నర గంటల ముందు అక్కడుండాలి. విమానాలు, విరామం కలిపి 23 గంటల 30 నిమిషాలు. డాలస్‌లో బయటపడటానికి రెండు గంటలు. ఫ్రిస్కోకు ముప్పావుగంట. కూడితే 30 గంటల 45 నిమిషాలు. ‘ముప్పై ఒక్క గంటలు’ అని అమ్మానాన్నలకు ముందే చెప్పండి, చెప్పి తీసుకెళితే అలసట తక్కువగా తెలుస్తుంది.

శంషాబాద్‌లో పెట్టెలు ఇచ్చేటప్పుడు ప్రతి పెట్టె చీటీ మీద చివరి గమ్యంగా డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం కోడ్) అని మూడక్షరాలు ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూడమనండి. రెండు బోర్డింగ్ పాసులూ అక్కడే చేతికి రావాలి.

గడియారం_లెక్క:
ఒకటి మర్చిపోవద్దు కిరణం గారూ. జూన్ 12, 03:30 అంటే 12వ తేదీ రాత్రి కాదు. 11వ తేదీ రాత్రి భోజనం పెందలాడే ముగించి, 11 గంటలకల్లా క్యాబ్ ఇంటి ముందు ఉండాలి. క్యాబ్ బుక్ చేసేటప్పుడు 11వ తేదీ అనే నొక్కండి.